కొర్రన్నం కథలో మాత్ర ఎక్కడ?

మన వెబ్ పత్రికల్లో నవలల మీద వ్యాసాలు వస్తాయి, కవిత్వం మీద వస్తాయి, ఈ మధ్య వెబ్ సిరీస్‌ల మీద కూడా వస్తున్నాయి. కానీ తెలుగువాళ్లు డబ్బులు పెట్టి కొని, గీతలు గీసుకుని, పక్కింటివాళ్లకు అరువిచ్చి మరీ చదివే వచనం ఇంకొకటుంది. దాని మీద విమర్శ రాదు. ఆరోగ్యం పుస్తకాలు. అనంతపురం బస్టాండులో ఏ బంకు ముందైనా కాసేపు నిలబడండి. పంచాంగాలకీ గ్రూప్-2 గైడ్లకీ మధ్య అవి ఉంటాయి. చేతులు మారి మారి అట్టలు నలిగి ఉంటాయి. వాటిని సైన్సు తప్పా ఒప్పా అని తేల్చి పక్కన పెట్టేవాళ్లున్నారు, దేవుడి ప్రసాదంలా కళ్లకద్దుకునేవాళ్లున్నారు. అది కూడా ఒక సాహిత్య ప్రక్రియే, దానికీ కథనం ఉంటుంది, పాత్రలుంటాయి, చెప్పకుండా దాటేసే విషయాలుంటాయి అనుకుని చదివినవాళ్లు నాకు కనబడలేదు. అలా చదువుదామని నా ప్రయత్నం. అన్ని జబ్బులూ వద్దు, కీళ్లవాతం చాలు. ఈ పుస్తకాల్లో తరచుగా నయమయ్యే జబ్బుల్లో అదొకటి.

ప్రక్రియ మనకు కొత్తదేం కాదు. ఉప్పూ నూనే మానమని మంతెన సత్యనారాయణరాజు చెప్పినప్పుడు ఒక తరం ఇళ్లలో పోపు డబ్బా మూలకు పోయింది. 2018 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ డైట్ వచ్చి అదే ఇళ్లలోకి కొబ్బరినూనె సీసాలు తెచ్చింది. ఒకరు వద్దన్నది ఇంకొకరు గరిటెలతో తాగమన్నారు. రెండు చోట్లా బాగుపడ్డవాళ్ల సాక్ష్యాలు కుప్పలుగా ఉన్నాయి. ఈ ఒక్క సంగతి దగ్గరైనా పాఠకుడు ఆగి ఆలోచించాలి కదా? ఆగడు. ఎందుకంటే తను చదువుతున్నది వాదన కాదు, కథ. రెండు కథలు ఒకదాన్నొకటి ఖండించుకోవు.

ఆ కథ నడక మీకు తెలుసు. మొదట ఊపిరాడని కష్టం. తిరగని ఆసుపత్రి లేదు, మింగని మందు లేదు. ఆపైన ఎవరో ఒక ఉపన్యాసం సంగతి చెప్తారు. నమ్మకం లేకుండానే మొదలుపెడతారు. మూడు నెలలకు చేతివేళ్లు మడుచుకుంటాయి, ఏడాదికి తిరుమల మెట్లు ఎక్కేస్తారు. ఇది మన స్థలపురాణం నడక. కోనేట్లో మునిగి రోగం పోగొట్టుకున్న రాజు కథ ప్రతి గుడికీ ఉంది. సూర్యశతకం రాసి మయూరుడు కుష్ఠు పోగొట్టుకున్నాడని చెప్పుకుంటాం. స్తోత్రం చివర ఫలశ్రుతి ఉంటుంది, చదివినవాడికి ఇదిదీ కలుగుతుందని. చదివినా కలగనివాడి పేరు ఏ ఫలశ్రుతిలోనూ ఉండదు. ఆరోగ్యం పుస్తకం వెనక పేజీల్లో అనుభవాలు అని వేసే ఉత్తరాలు చేసే పని అదే. నేను దీన్ని వెక్కిరింతగా అనడం లేదు. ఇంత పాత నడక ఇంకా పనిచేస్తోందంటే దాని బలం తక్కువది కాదు.

ఈ వరసలో నాకు మిగతావాటికన్నా గౌరవం ఉన్నది సిరిధాన్యాల సాహిత్యం మీద. పొద్దుటూరులో పుట్టి మైసూరులో స్థిరపడిన ఖాదర్ వలి ఉపన్యాసాలు, వాటి నుంచి వచ్చిన పుస్తకాలు. కొర్రలు, అరికెలు, సామలు, ఊదలు, అండుకొర్రలు అని ఐదు ధాన్యాలు. ఏ జబ్బుకు ఏది ఎన్ని రోజులు తినాలి, ఏ ఆకు కషాయం ఎన్నాళ్లు తాగాలి అని పట్టీ. ఆయనకు 2023లో పద్మశ్రీ వచ్చింది, ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిందీ ఆ ఏడాదే. వచనంగా చూస్తే వీటిలో ఒక చరిత్ర స్పృహ ఉంది. వరీ గోధుమా మన పళ్లెంలోకి ఎలా వచ్చాయి, చేనూ విత్తనమూ ఎవరి చేతుల్లోకి పోయాయి అని అడుగుతాడాయన. మంతెన పుస్తకాల్లో శరీరం ఒంటరిగా ఉంటుంది. ఇక్కడ శరీరం వెనక పొలం కనిపిస్తుంది.

ఆ పేరే చూడండి. చిరుధాన్యం అనేది మన మాట, చిన్న గింజ అని. సర్కారు కాయితాల్లో చాలాకాలం ముతక ధాన్యం, 2018లో కేంద్రం వాటిని పోషక ధాన్యాలుగా నోటిఫై చేసేదాకా. సిరిధాన్యం కన్నడం వైపు నుంచి వచ్చింది. రెండక్షరాలు మారగానే పేదగింజ కాస్తా లక్ష్మి అయిపోయింది. పల్నాటి జొన్నకూడు మీద శ్రీనాథుడి పేరిట చెప్పుకునే చాటువుల విసుగు నుంచి ఇక్కడిదాకా ఎంత దూరమో! మన సాహిత్యం ఆ చాటువులు చదివి నవ్వుకుంది. కన్నడంలో 16వ శతాబ్దంలోనే కనకదాసు రామధాన్య చరితె రాసి రాగి తరఫున వకాల్తా తీసుకున్నాడు. ఆ కావ్యం దగ్గరికి మళ్లీ వస్తాను.

అనంతపురంవాళ్లకు ఈ కథ ఇంకోలా వినిపిస్తుంది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడే నేల. అండుకొర్ర అయితే మరీ మన గింజ, అనంతపురం, తుమకూరు, చిత్రదుర్గం మెట్టల్లో బతికింది. దాన్ని తరిమింది కార్పొరేట్ కుట్ర ఒక్కటే కాదు. శెనక్కాయ డబ్బులిచ్చింది, లక్షల ఎకరాలకు పాకింది, వాన మొహం చాటేసిన ఏళ్లలో ఆ అప్పులే ఉరితాళ్లయ్యాయి. 1983లో ఎన్టీఆర్ రెండు రూపాయల బియ్యం ఇచ్చాడు. మొదటిసారి ఇంటిల్లిపాదీ రోజూ తెల్లన్నం తిన్న కుటుంబాలకు అది పండగ. ఇంకో కారణం పుస్తకాల్లో అసలు రాదు. కొర్రలు దంచడం. పొట్టు ఓ పట్టాన ఊడదు. తెల్లారకముందే లేచి రోట్లో దంచింది ఆడవాళ్లు. కొర్రన్నం పోయినందుకు నిట్టూర్చే పేరాల్లో ఆ రోకలి చప్పుడుకు చోటు లేదు. చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ లాంటివాళ్లు 1990 నుంచి రైతుల్తో కూర్చుని చేస్తున్న పని చూస్తే అర్థమవుతుంది, గింజ తిరిగి రావాలంటే విత్తనం, మర, కొనేవాడు, ధర, ఇన్ని కుదరాలి. పుస్తకంలో అదంతా ఒక్క వాక్యంలో అయిపోతుంది: తినండి, తగ్గుతుంది.

ఏది తగ్గుతుంది? నా అసలు పేచీ ఇక్కడ మొదలవుతుంది. కీళ్ల నొప్పి అనే మాట కింద మనవాళ్లు కనీసం నాలుగు జబ్బుల్ని ఒకే గంపలో వేస్తారు. వయసుతో మోకాలి గుజ్జు అరగడం ఒకటి. శరీరం తన కీళ్ల మీద తానే దాడి చేసే రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఇంకొకటి. చికెన్‌గున్యా తర్వాత మిగిలే నొప్పులు మరొకటి. 2006లో ఆ జ్వరం మన రాష్ట్రాన్ని చుట్టేసినప్పుడు మంచం పట్టినవాళ్లలో చాలామందికి నెలల మీద దానంతటదే సర్దుకుంది. ఆ నెలల్లో ఏది తింటే దానికి పేరొచ్చింది. నాలుగోది ఫ్లోరైడ్. ఎముకల ఫ్లోరోసిస్‌ను భారతదేశంలో మొదట నమోదు చేసింది 1937లో, మన పక్కనే, అప్పటి నెల్లూరు జిల్లాలో. అనంతపురం బోరుబావుల్లో ఫ్లోరైడ్ ఎంత సమస్యంటే, తొంభైల నడుమ సత్యసాయి ట్రస్టు 700కు పైగా ఊళ్లకు పైపులు వేసి నీళ్లిచ్చింది. ఫ్లోరోసిస్ నడుమునూ కీళ్లనూ బిగబట్టేస్తుంది, చూడ్డానికి వాతంలాగే ఉంటుంది. ఆ మనిషికి ముందు మార్చాల్సింది తాగే నీళ్లు. పట్టీలో మాత్రం కీళ్ల నొప్పులు అని ఒకటే వరస ఉంటుంది. విమర్శలో దీన్ని పాత్రచిత్రణ లోపం అంటాం, నాలుగు పాత్రలకు ఒకే పేరు పెట్టడం.

ఇది మన ఒక్కరి జాడ్యం అనుకోనక్కర్లేదు. ఈ ప్రక్రియకు అమెరికాలో ఒక క్లాసిక్ ఉంది, ది రోడ్ బ్యాక్ అని, 1988లో వచ్చింది. రాసింది థామస్ మెక్‌ఫర్సన్ బ్రౌన్ అనే కీళ్ల డాక్టరు, హెన్రీ స్కామెల్ అనే రచయితతో కలిసి. అందులో తిండి బదులు యాంటీబయాటిక్. కీళ్లవాతానికి మూలం మైకోప్లాస్మా అనే సూక్ష్మజీవి అని, టెట్రాసైక్లిన్ జాతి మందుల్ని చిన్న మోతాదులో ఏళ్ల తరబడి వాడితే అది లొంగుతుందని బ్రౌన్ నమ్మకం. ఆయన రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసిన శాస్త్రవేత్త, పుస్తకంలో చిత్తశుద్ధి ఉంది. కానీ నడక చూడండి, అచ్చం మనదే. వైద్యలోకం వినదు, ఒక్క డాక్టరు వింటాడు, చక్రాల కుర్చీలోంచి మనుషులు లేస్తారు. ఇంకో పోలిక నాకు మరీ ఆసక్తిగా అనిపించింది. మందు మొదలెట్టాక నొప్పి పెరిగితే, అది సూక్ష్మజీవి చస్తున్న గుర్తు అంటాడు బ్రౌన్. మన ప్రకృతి వైద్యంలోనూ అంతే, నొప్పులెక్కువైతే విషాలు బయటికి పోతున్నాయంటారు. తగ్గితే మందు పనిచేసినట్టు, పెరిగినా పనిచేసినట్టే. కథకుడు ఓడిపోయే దారి కథలో ఎక్కడా లేదు.

అయితే అక్కడ కథ పుస్తకంతో ఆగలేదు. జనం ఒత్తిడి కూడా పనిచేసి, ఆ జాతిలోదే అయిన మినోసైక్లిన్‌ను పరీక్షకు పెట్టారు. 1995లో ఫలితాలొచ్చాయి. 219 మంది రోగులు, 48 వారాలు. సగం మందికి మందు, సగం మందికి అచ్చం అలాగే కనబడే ఉత్తుత్తి మాత్ర. ఎవరిది ఏదో రోగికీ తెలీదు, డాక్టరుకీ తెలీదు. మందు తీసుకున్నవాళ్లలో 54 శాతం మందికి కీళ్ల వాపు తగ్గింది. ఉత్తుత్తి మాత్ర మింగినవాళ్లలో 39 శాతం మందికి తగ్గింది.

ఆ 39 దగ్గర కాసేపు ఆగాలి. మందు లేకుండానే వందలో 39 మంది. వాళ్ల అనుభవం అబద్ధం కాదు, వాపు నిజంగానే తగ్గింది. రుమటాయిడ్ జబ్బు అలలా ఎక్కుతుంది, దిగుతుంది. మనిషి కొత్త వైద్యం వెతుక్కునేది అల నెత్తిన ఉన్నప్పుడు, ఆ తర్వాత ఎక్కువసార్లు జరిగేది దిగడమే. దానికి తోడు కొత్త ఆశ, రోజూ ఎవరో పట్టించుకోవడం. ఆ 39 మంది చేత ఉత్తరాలు రాయించి పుస్తకం వెనక వేస్తే ఎంత గొప్ప పుస్తకమవుతుంది! మేం ఆఫీసులో వెబ్‌సైటు బటన్ రంగు మార్చాలన్నా ఏ/బీ టెస్టు పెడతాం, సగం మందికి పాతదే చూపిస్తాం. బటన్‌కు చూపించే ఆ జాగ్రత్త చేతివేళ్లకు చూపించమని అడగడం పెద్ద కోరికేం కాదు.

ఇంకోటి కూడా చెప్పాలి, లేకపోతే నేనూ సగం కథే చెప్పినట్టు. 54కూ 39కూ తేడా ఉంది కదా, అది కూడా నిజమే. 1997లో ఓడెల్ బృందం జబ్బు కొత్తగా మొదలైన 46 మంది మీద చేసిన పరీక్షలో మినోసైక్లిన్ ఇంకా బాగా పనిచేసింది. బ్రౌన్ పూర్తిగా గాల్లో మాట్లాడలేదన్నమాట. కాకపోతే సూక్ష్మజీవి సిద్ధాంతం రుజువు కాలేదు. ఆ మందు కీళ్లను తినేసే ఎంజైముల్ని అడ్డుకోవడం వల్ల పనిచేసి ఉండొచ్చు. కొందరిలో చర్మం నీలంగా మారడం, లూపస్‌లాంటి జబ్బు రావడం లాంటి దుష్ఫలితాలూ బయటపడ్డాయి. అంతకంటే మెరుగైన మందులు రావడంతో అది వెనకపడింది. తిండి విషయంలోనూ ఇలాంటి నిజాయితీ ప్రయత్నం జరిగింది. నార్వేలో 53 మంది రోగులతో చేసిన పరీక్ష 1991లో లాన్సెట్‌లో వచ్చింది. కొందరిని వారం పది రోజులు ఉపవాసం ఉంచి, తర్వాత ఏడాది పాటు శాకాహారం మీద పెట్టారు. మామూలు తిండి తిన్నవాళ్లకంటే వాళ్లకు నొప్పీ వాపూ తగ్గాయి. ఉపవాసమూ మితాహారమూ కీళ్లకు మేలు చేస్తాయంటే నవ్వేవాళ్లకు ఈ పరీక్ష చూపించొచ్చు. సిరిధాన్యాల పుస్తకాలవాళ్లు దీన్నెందుకు వాడుకోరో నాకర్థం కాదు. బహుశా ఎంత మందికి, ఎంత మేరకు అనే లెక్క కథ ఊపును తగ్గిస్తుందేమో.

లెక్క లేకపోతే ఏమవుతుందో ఇంట్లో చూస్తున్నాను. మా మేనత్త ధర్మవరంలో ఉంటుంది. ఇంట్లో మగ్గాలు, కండెలు చుట్టే చెయ్యి ఆమెది. ఎనిమిదేళ్లుగా రుమటాయిడ్ ఆర్థరైటిస్. ఆదివారం రాత్రి వారానికోసారి మెథోట్రెక్సేట్ మాత్రలు, దానికి తోడు ఇంకో రోజు ఫోలిక్ యాసిడ్, మూడు నెలలకోసారి రక్తపరీక్ష. నాలుగేళ్లుగా కొర్రన్నం కూడా. ఇప్పుడు బాగుంది. ఎవరడిగినా కొర్రన్నం కథే చెప్తుంది, పూసగుచ్చినట్టు, నానబెట్టడం దగ్గర్నుంచి. మాత్రల మాట రాదు. ఎందుకత్తా అంటే, "వాటి గురించి ఏముందిరా చెప్పేకి, మాత్రలు అందరూ మింగేవే కదా" అంది.

ఇది చాలా సూక్ష్మమైన సాహిత్య విమర్శ అని నాకనిపించింది. మాత్రలో కథ లేదు. దాన్ని ఎవరు చేశారో తెలీదు, చీటీ మీద రాసింది చదవలేం, డాక్టరు మూడు నిమిషాలకంటే మాట్లాడడు, పైగా అది కేన్సర్‌కూ వాడే మందని షాపువాడు భయపెడతాడు. కొర్రన్నం ఆమె తన చేత్తో వండుకుంటుంది. అందులో ఆమె నాయనమ్మ ఉంది. కాబట్టి కథలో అదే మిగిలింది. అయితే ఆ కథ వింటున్న పక్కింటావిడకు ఆర్నెల్లుగా పొద్దున్నే వేళ్లు బిగుసుకుంటున్నాయి. ఆమెకు చేరింది మాత్ర తీసేసిన ప్రతి. రుమటాయిడ్‌లో ఎముక ఒరుసుకుపోవడం చాలామందికి మొదటి రెండేళ్లలోనే మొదలవుతుంది, ఒకసారి వంగిపోయిన వేలు మళ్లీ తిన్నగా కాదు. కొర్రన్నం ఆమెకు చెడు చేయదు. కొర్రన్నంతో సరిపెట్టుకుని గడిపే నెలలు చేస్తాయి.

నిజానికి ఆ మాత్రకూ ఒక కథ ఉంది, అది తెలుగు కథే. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అన్నదమ్ములు స్ప్రూ అనే అజీర్ణ వ్యాధితో పోయారు. ఆయనకే అది వచ్చినప్పుడు ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద వైద్యంతో కోలుకున్నాడని జీవితకథ రాసినవాళ్లు చెప్తారు. మద్రాసు ఆయుర్వేద కాలేజీలో కొంతకాలం పాఠాలు కూడా చెప్పాడు. మన ఆరోగ్య పుస్తకానికి ఇంతకంటే మంచి మొదటి అధ్యాయం దొరకదు. మామూలు నడకైతే ఆ మనిషి అక్కడే గురువై కూర్చోవాలి. ఆయన అమెరికా వెళ్లాడు. లెడర్లీ కంపెనీ పరిశోధనశాలకు అధిపతిగా ఉండగా ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది, ఆ యాసిడ్ స్ప్రూకి పనికొచ్చింది. దాన్నే తిరగేసి ఫోలిక్ యాసిడ్‌ను అడ్డుకునే మందులు చేశారు, అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్. వాటిలో అమినోప్టెరిన్‌తో సిడ్నీ ఫార్బర్ 1948లో పిల్లల రక్తకేన్సర్ మీద ఫలితాలు చూపించాడు. ఆ ఆగస్టులోనే సుబ్బారావు పోయాడు. 1951లో గుబ్నర్ అనే డాక్టరు అమినోప్టెరిన్‌ను కీళ్లవాతానికి వాడి చూశాడు. దాదాపు ఎవరూ పట్టించుకోలేదు. ఎనభైల్లో పరీక్షలు జరిగి, 1988లో అమెరికా ప్రభుత్వం కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్‌ను అనుమతించింది. ది రోడ్ బ్యాక్ వచ్చిన ఏడాదే.

ఇంకొంచెం ఆశ్చర్యపడండి. టెట్రాసైక్లిన్ జాతిలో మొట్టమొదటిది ఆరియోమైసిన్, అదీ సుబ్బారావు హయాంలో లెడర్లీలోనే డగ్గర్ కనిపెట్టాడు. తర్వాతి కాలంలో మినోసైక్లిన్ వచ్చిందీ ఆ కంపెనీ నుంచే. బ్రౌన్ పట్టుకున్న ప్రత్యామ్నాయమూ, దానికి ఎదురుగా నిలిచిన అసలు వైద్యమూ ఒకే ఇంటి పిల్లలు. మా అత్త మాత్రల డబ్బాలో ఆదివారం మందూ, దాని తోడు ఫోలిక్ యాసిడూ, రెండూ సుబ్బారావు గదిలోంచి వచ్చినవే. ఆయన మీద తెలుగులో వచ్చే వ్యాసాలు ఎక్కువగా నోబెల్ ఎందుకు రాలేదన్న ఏడుపు దగ్గరే ఆగిపోతాయి. తెల్లవారి లోకం గుర్తించని మనవాడు, అదీ ఇంకో స్థలపురాణమే. ఆ మాత్ర ఇవాళ ధర్మవరంలో ఎవరి వేళ్లను కండె మీద నిలబెడుతోందో చెప్పే పుస్తకం ఎవరూ రాయలేదు.

ఇప్పుడు కనకదాసు దగ్గరికి. ఆ కావ్యంలో వరికీ రాగికీ గొడవ, ఎవరు గొప్ప అని. రాముడి దగ్గరికి తీర్పుకెళ్తారు. రాముడు ఉపన్యాసం ఇవ్వడు. రెండింటినీ తీసుకెళ్లి ఆరు నెలలు చెరలో పెట్టమంటాడు. రెండింటికీ ఒకే చెర, ఒకే గడువు. గడువయ్యాక తీసి చూస్తే వరి చెడిపోయింది, రాగి గట్టిగా ఉంది. రాగికి తన పేరిచ్చాడు. దాన్ని కులం మీద పద్యంగా చదవడం మామూలే, అది సరైన చదువే. కానీ రాగి గెలిచిన తీరు కూడా చూడాలి. రాగి గొప్పదని కనకదాసుకు ముందే తెలుసు, అయినా దాన్ని చెరకు పంపకుండా గెలిపించలేదు.

సిరిధాన్యాల పుస్తకాల తర్వాతి కూర్పులో నాకు ఒక్క పేజీ కావాలి. కీళ్లవాతమని వచ్చినవాళ్లు ఎంతమంది, వాళ్లలో రుమటాయిడ్ ఎంతమందికి, ఏ ఊరి నీళ్లు తాగుతున్నారు, మాత్రలు కూడా వాడుతున్నది ఎవరు, మధ్యలో మానేసి పోయినవాళ్లు ఏమయ్యారు. అనుభవాలన్నీ అలాగే ఉంచండి, వాటి ముందు ఈ పేజీ వేయండి. ఖాదర్ వలి బెంగళూరు ఐఐఎస్‌సీలో స్టెరాయిడ్ల మీద పీహెచ్‌డీ చేసిన మనిషి. ఆ పేజీ ఎలా రాయాలో ఆయనకు ఒకరు చెప్పక్కర్లేదు.